పదిహేను రోజుల సేవ: విదేశీ వాలంటీర్ యాత్రల వల్ల మేలు ఎవరికి?

5.1 విషయ పరిచయం

స్వచ్ఛంద సేవ ఒక సముదాయానికి ఎప్పుడు ఉపయోగపడుతుంది, ఎప్పుడు పడదు అనే ప్రశ్నను ఈ పాఠంలో మనం కాస్త దూరాన ఉన్న ఒక ఉదాహరణతో పరిశీలిస్తాం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి సంపన్న దేశాల నుంచి పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఏటా సెలవుల్లో కంబోడియాకో, నేపాల్‌కో, హోండురాస్‌కో సేవ చేయడానికి వెళ్తుంటారు. అక్కడ రెండు మూడు వారాలుండి బడికి గోడలు కడతారు, పిల్లలకు ఇంగ్లీషు చెబుతారు, అనాథాశ్రమాల్లో పిల్లలను ఆడిస్తారు. తర్వాత ఇంటికి వెళ్లిపోతారు. ప్రయాణం, బస, భోజనం, నిర్వహణ ఖర్చులకు వారి తల్లిదండ్రులు ఒక కంపెనీకో సంస్థకో పెద్ద మొత్తమే చెల్లిస్తారు. వాలంటీర్, టూరిజం అనే రెండు మాటలను అతికించి దీనికి వాలంటూరిజం అని పేరు పెట్టారు. మనం సేవా పర్యాటకం అందాం.

ఇది చిన్న వ్యవహారం కాదు. ఇలాంటి యాత్రలకు వెళ్లేవారు అన్ని వయసులవారూ కలిపి ఏటా 16 లక్షల మంది ఉంటారని టూరిజం రీసెర్చ్ అండ్ మార్కెటింగ్ అనే సంస్థ 2008లో అంచనా వేసింది. బ్రిటన్‌లో ఇంటర్ స్థాయి చదువు ముగిశాక, యూనివర్సిటీలో చేరే ముందు ఏడాది విరామం తీసుకోవడం వాడుకలో ఉంది. దాన్ని గ్యాప్ ఇయర్ అంటారు. యువరాజు విలియం కూడా 2000లో తన విరామ సంవత్సరంలో పది వారాలు చిలీ దక్షిణ కొసన ఉన్న టోర్టెల్ అనే ఊళ్లో వాలంటీరుగా పనిచేశాడు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి మార్కులతో పాటు విద్యార్థి బడి బయట ఏం చేశాడో కూడా చూస్తారు కాబట్టి, ఈ యాత్ర దరఖాస్తులో రాసుకోవడానికి కూడా పనికొస్తుంది.

వెళ్లే పిల్లల మనసు మంచిదే, అందులో సందేహం అక్కర్లేదు. అయితే పిల్లలు మంచివారా కాదా అన్నది మన ప్రశ్న కాదు. వాళ్లు వెళ్లిన ఊరికి ఏం మిగిలింది అన్నదే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసుకుంటే పాఠం మొత్తం గందరగోళమవుతుంది.

5.2 కంబోడియా: అనాథలు ఎందుకు పెరిగారు?

ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువగా చర్చకు వచ్చిన ఉదాహరణ కంబోడియా. 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో ఆ దేశంలో లక్షలాది మంది చనిపోయారు. ఎంతోమంది పిల్లలు నిజంగానే అనాథలయ్యారు. కంబోడియా అనగానే అనాథలు గుర్తుకు రావడం అప్పటి నుంచి అలవాటయింది. దేశం కుదుటపడ్డాక అంకోర్ వాట్ ఆలయాలను చూడటానికి పర్యాటకులు రావడం మొదలుపెట్టారు. 2005లో సుమారు 14 లక్షల మంది విదేశీయులు వచ్చారు. 2010 నాటికి ఆ సంఖ్య 25 లక్షలకు చేరింది.

ఇప్పుడు మరో రెండు అంకెలు చూడండి. అదే ఐదేళ్లలో ఆ దేశంలోని అనాథాశ్రమాలు 154 నుంచి 269కి పెరిగాయి. ఆ కాలంలో అక్కడ యుద్ధం లేదు. మరి అనాథలు ఎక్కడి నుంచి వచ్చారు?

కంబోడియా ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో, ఎవరో ఒకరు బతికే ఉన్నారని అందులో తేలింది. అంటే వాళ్లు పేదింటి పిల్లలు. ఆశ్రమంలో చదువు దొరుకుతుంది, ఇంగ్లీషు వస్తుంది, మూడు పూటలా తిండి ఉంటుంది అని నమ్మి కన్నవాళ్లే పంపారు. హాస్టల్లో చేర్పించినట్టే అనుకుని పంపారు. మన ప్రాంతంలో పేద కుటుంబాలు పిల్లలను సంక్షేమ హాస్టళ్లకు పంపడం మీకు తెలుసు. కానీ హాస్టల్లో పిల్లవాడు అమ్మానాన్నలున్న పిల్లవాడిగానే ఉంటాడు, పండక్కి ఇంటికి వస్తాడు. అక్కడ మాత్రం అనాథ అన్న పేరు మీదే వాడికి విరాళం వస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగి, అర్థశాస్త్రంలో మీరు చదివిన డిమాండ్, సరఫరా సూత్రాన్ని గుర్తు చేసుకోండి. అనాథ పిల్లలతో నాలుగు రోజులు గడపాలనుకునే విదేశీయులు వేలల్లో ఉన్నారు. దానికి డబ్బు చెల్లించడానికీ సిద్ధంగా ఉన్నారు. డిమాండ్ ఉన్న చోటికి సరఫరా వస్తుంది. ఆశ్రమం నడపడం కొందరికి జీవనోపాధి అయింది. పిల్లలు బక్కచిక్కి, పాత బట్టల్లో కనిపిస్తే జేబులోంచి నోట్లు తొందరగా బయటికి వస్తాయి. కాబట్టి వాళ్లను అలాగే ఉంచడం లాభమయ్యే పరిస్థితి కూడా కొన్నిచోట్ల ఏర్పడింది. వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయికి ఇవేవీ తెలియవు. తన ఒళ్లో కూర్చున్న పిల్ల నవ్వడమే ఆమె చూస్తుంది.

ఆ నవ్వు గురించి కూడా రెండు మాటలు చెప్పుకోవాలి. కొత్తగా వచ్చిన ఎవరి మీదికైనా పరుగెత్తి ఎక్కేసే పిల్లలను చూసి "ఎంత ప్రేమో" అని వాలంటీర్లు మురిసిపోతారు. ఇంట్లో పెరిగే మూడేళ్ల పిల్లవాడు కొత్త మనిషిని చూసి ఏం చేస్తాడు? అమ్మ కొంగు చాటుకు వెళ్తాడు. ఆరోగ్యంగా పెరిగే పిల్లల లక్షణం అది. ముఖం తెలియని ప్రతివారినీ అతుక్కుపోవడం మాత్రం, నిలకడగా చూసుకునే మనిషి లేని పిల్లల్లో కనిపించే లక్షణమని శిశు మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. పదిహేను రోజులకొకరు వచ్చి, దగ్గరై, కన్నీళ్లతో వీడ్కోలు తీసుకుని వెళ్లిపోతుంటే ఆ పిల్లలకు ప్రతిసారీ ఒక ఎడబాటు మిగులుతుంది. దక్షిణాఫ్రికాకు సంబంధించి లిండా రిక్టర్, ఏమీ నార్మన్ అనే పరిశోధకులు 2010లో ప్రచురించిన వ్యాసంలో ఈ హాని గురించే హెచ్చరించారు.

నేపాల్‌లోనూ కథ ఇంచుమించు ఇదే. ఆశ్రమాల్లో ఎక్కువ భాగం పర్యాటకులు తిరిగే కొద్ది జిల్లాల్లోనే ఉన్నాయి. అనాథలు మాత్రం పర్యాటకుల దారి చూసుకుని పుట్టరు కదా. 2015 భూకంపం తర్వాత పిల్లలను అనుమతి లేకుండా సొంత జిల్లా దాటించరాదని నేపాల్ ప్రభుత్వం ఆంక్ష పెట్టాల్సి వచ్చింది.

5.3 గోడ ఎవరు కట్టాలి?

అనాథాశ్రమాలను పక్కన పెడదాం. ఇళ్లు కట్టడంలో ఎవరి మనసుకూ గాయం కాదు కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. 1998 అక్టోబరులో మిచ్ తుఫాను హోండురాస్‌ను అతలాకుతలం చేసింది. ఆ తర్వాత ఉత్తర అమెరికా నుంచి చర్చి బృందాలు వచ్చి ఇళ్లు కట్టి ఇచ్చాయి. ఈ ఇళ్ల మీద కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త అధ్యయనం చేశాడు. స్థానిక సంస్థ ఒక ఇల్లు కట్టడానికి అయ్యే ఖర్చు సుమారు 2,000 డాలర్లు. ఒక్కో విదేశీ బృందం రావడానికి, ఉండటానికి, కట్టడానికి కలిపి పెట్టిన ఖర్చు సుమారు 30,000 డాలర్లు. భాగహారం మీరే చేయండి. ఒక ఇంటి కోసం వచ్చిన డబ్బుతో పదిహేను ఇళ్లు లేచేవి. పైగా ఆ పని మీద ఊళ్లో మేస్త్రీలకూ కూలీలకూ రోజుకూలీ దొరికేది. తుఫాను తర్వాత పనుల్లేక కూర్చున్నవాళ్లకు ఇల్లు ఎంత అవసరమో కూలీ కూడా అంతే అవసరం. దీన్నే మీరు అవకాశ వ్యయం అనే పేరుతో చదివారు.

ఎదురువాదన కూడా వినాలి. ఆ 30,000 డాలర్లు యాత్ర కోసమే పోగయ్యాయి. యాత్ర లేకపోతే అందులో ఎక్కువ భాగం హోండురాస్‌కు వచ్చి ఉండేది కాదు. ఇది నిజమే. అందుకే యాత్రలను సమర్థించేవారు, ఒకసారి చూసి వచ్చిన పిల్లలు జీవితాంతం దాతలవుతారు అంటారు. వెర్ బీక్ దీన్ని కూడా పరిశీలించాడు. తిరిగి వెళ్లాక ఎక్కువ దానం చేస్తున్నామని చాలామంది చెప్పారు. సంస్థ ఖాతా పుస్తకాల్లో మాత్రం ఆ పెరుగుదల అంతగా కనబడలేదు. మంచి ఉద్దేశాన్ని మనిషి గుర్తుంచుకున్నంత బాగా రసీదును గుర్తుంచుకోడు.

ఇటుక పని చేతకాని పదహారేళ్ల కుర్రాడు కట్టిన గోడను మేస్త్రీ మళ్లీ సరిచేయాల్సి రావడం అదనపు బాధ. సొంత ఇంటి గోడ కట్టమని ఆ కుర్రాడికి వాళ్ల నాన్న కూడా ఇవ్వడు.

5.4 ఈ విమర్శ కొత్తది కాదు

1968 ఏప్రిల్‌లో ఇవాన్ ఇల్లిచ్ అనే ఆలోచనాపరుడు మెక్సికోలో సేవకు సిద్ధమైన అమెరికా విద్యార్థుల సమావేశంలో మాట్లాడాడు. ఆహ్వానించినవాళ్లే ఉలిక్కిపడేలా, మీ మంచి ఉద్దేశాలు మాకు వద్దన్నాడు. చూడటానికి రండి, కొండలెక్కడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అన్నది ఆ ప్రసంగ సారం. భాష రాని చోట, మీరు చేసిన తప్పేమిటో చెప్పగలిగే మనిషి కూడా మీకు దొరకడు అన్నది అతని వాదనలో నాకు అన్నిటికంటే బలంగా అనిపించే అంశం. మిగతా విషయాల్లో అతను కొంత అతి చేశాడనే అనుకుంటాను.

అతిగా ఎందుకంటే, సరిపోయే పనులూ ఉన్నాయి. కోస్టారికాలో టోర్టుగెరో తీరానికి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1950ల నుంచి అక్కడ వాటికి గుర్తులు కట్టి లెక్కిస్తున్నారు. రాత్రిపూట ఇసుకలో మైళ్లకు మైళ్లు నడవాలి, తాబేలును కదిలించకుండా కొలతలు రాసుకోవాలి. దీనికి కావలసింది ఓపిక, కాళ్లలో సత్తువ. పదిహేడేళ్లవాళ్లకు అవి బాగానే ఉంటాయి. పని ఏమిటో అక్కడి శాస్త్రజ్ఞులు నిర్ణయిస్తారు. వాలంటీర్ల రుసుము పరిశోధనకు అక్కరకొస్తుంది. ఎవరు వెళ్లిపోయినా తాబేలు బెంగపడదు.

అమెరికా ప్రభుత్వం 1961లో ప్రారంభించిన పీస్ కోర్‌తో పోల్చి చూసినా తేడా తెలుస్తుంది. అందులో సేవాకాలం 27 నెలలు, మొదటి మూడు నెలలు భాష, పని నేర్చుకోవడానికే సరిపోతాయి. దాని మీద కూడా విమర్శలున్నాయి, అది వేరే సంగతి. కానీ పీస్ కోర్ వాలంటీరు నేర్చుకోవడానికి వెచ్చించే కాలం, సేవా పర్యాటకుడి మొత్తం యాత్ర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మన జాతీయ సేవా పథకం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఏడు రోజుల శిబిరం కోసం దత్తత గ్రామానికి వెళ్లినవాళ్లు మీలో ఉండవచ్చు. సమాజ సేవ ద్వారా విద్యార్థి వ్యక్తిత్వ వికాసం దాని లక్ష్యమని పథకమే చెప్పుకుంటుంది. అంటే లాభం ప్రధానంగా విద్యార్థిదే అని ఒప్పుకుంటుంది. ఈ నిజాయితీ నాకు నచ్చుతుంది. విదేశీ యాత్రలు అమ్మే ప్రకటనల్లో కొరవడేది అదే.

అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలు వేసవిలో తాతగారి ఊరికి వచ్చి హైస్కూల్లో పాఠాలు చెప్పడం, పుస్తకాలో కంప్యూటర్లో ఇవ్వడం మీరు చూసే ఉంటారు. ఇవీ ఇలాంటి యాత్రలే. ఒక్క తేడా ఉంది. ఆ ఊళ్లో వాళ్లకు మేనమామ ఉంటాడు. ఇచ్చిన కంప్యూటర్ మీద ఆర్నెల్లుగా దుమ్ము పేరుకుందని మొహమాటం లేకుండా ఫోన్‌లో చెబుతాడు.

5.5 ప్రభుత్వాలు ఏం చేశాయి?

కుటుంబం నుంచి పిల్లలను వేరు చేయడం చివరి మార్గంగానే ఉండాలని ఐక్యరాజ్యసమితి 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. "పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారు" అనే ప్రచారం 2011లో కంబోడియాలో మొదలైంది. అక్కడి ప్రభుత్వం 2015లో ఆశ్రమాల నిర్వహణపై నిబంధనలు తెచ్చింది. అప్పుడు లెక్క తీస్తే 406 ఆశ్రమాల్లో 16,579 మంది పిల్లలున్నారు. వారిలో కొంత భాగాన్ని తిరిగి కుటుంబాలకు చేర్చే పని తర్వాత మొదలైంది. ఇది పంపేయడమంత సులువు కాదు. తల్లికి ఆదాయం, దగ్గర్లో బడి, ఏడాది పొడవునా వచ్చి చూసే సామాజిక కార్యకర్త కావాలి. ఆ కార్యకర్త ఖ్మేర్ భాష మాట్లాడాలి, వచ్చే నెల కూడా ఉద్యోగంలో ఉండాలి.

డిమాండ్ వైపు నుంచి వచ్చిన మార్పు ఆస్ట్రేలియాలో కనిపిస్తుంది. లాభం కోసం పిల్లలను ఆశ్రమాలకు తరలించడాన్ని ఆధునిక బానిసత్వంలో ఒక రూపంగా 2017లో అక్కడి పార్లమెంటరీ విచారణ గుర్తించింది. మరుసటి ఏడాది ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తన బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల్లో వాలంటీర్ కార్యక్రమాల వల్ల కలిగే హానిని ప్రస్తావించింది.

అభ్యాసం

కింది ప్రకటన ఊహాత్మకం. చదివి, ఒక పేజీకి మించకుండా మీ అభిప్రాయం రాసి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.

"16 నుంచి 18 ఏళ్ల విద్యార్థులకు అవకాశం! పద్నాలుగు రోజుల్లో ఒక గ్రామం జీవితాన్ని మార్చండి. ఉదయం బడిలో మరుగుదొడ్ల నిర్మాణం, మధ్యాహ్నం చిన్నారులతో ఆటలు, చివరి రెండు రోజులు సముద్ర తీరం. సర్టిఫికెట్ ఇవ్వబడును."

రాసేముందు ఇవి ఆలోచించండి. మరుగుదొడ్లు కావాలని అడిగింది ఎవరు? ఈ బృందం రాకపోతే ఆ పని ఏ మేస్త్రీకి దొరికేది? పదిహేనో రోజు నుంచి నీళ్లు ఎవరు పోస్తారు, ఎవరు కడుగుతారు, ఆ జీతం ఎవరిస్తారు? మధ్యాహ్నం ఆటల సమయంలో ఆ పిల్లల టీచరు ఎక్కడున్నారు?