ఇంటి షవరు వ్యవస్థ

షవరు వ్యవస్థ అనగా స్నానాల గదిలో నీరు పైనుండి సన్నని ధారలుగా పడేటట్లు చేసే ఏర్పాటు. దీనిని జల్లు స్నానం, తుంపర స్నానం అని కూడా అంటారు కాని, వాడుకలో షవరు అన్న మాటే స్థిరపడినది. దుకాణంలో కొని గోడకు బిగించే షవరు హెడ్ ఈ వ్యవస్థలో చివరి భాగం మాత్రమే. పైకప్పు మీది నీటి ట్యాంకు, దాని ఎత్తు, గొట్టాలు, వేడి నీటి సాధనం, గోడలో దాగి ఉండే మిక్సరు, నేల వాలు, మురుగు గొట్టం ఇవన్నీ కలిసి ఒక వ్యవస్థ అవుతాయి. ఈ వ్యాసంలో మెదక్ పట్టణం వంటి చోట సొంత ఇల్లు కట్టుకొనేవారు షవరును ఏ విధంగా రూపొందించుకోవచ్చునో వివరించబడినది.

నేపథ్యం

శివాలయాలలో లింగం పైన వేలాడదీసే ధారాపాత్ర మనకు చిరపరిచితమే. అయినా ఇళ్ళలో మాత్రం కాగులో నీళ్ళు కాచుకొని, గోలెంలోని చన్నీళ్ళతో తొలుపుకొని, చెంబుతో పోసుకోవడమే తెలంగాణ పల్లెల ఆనవాయితీ. ఐరోపాలో 1767లో విలియం ఫీథమ్ అనే లండను పొయ్యిల తయారీదారు చేతి పంపుతో పనిచేసే షవరుకు పేటెంటు పొందాడు. అది వాడిన నీటినే మళ్ళీ పైకి ఎక్కించేది కాబట్టి అంతగా ఆదరణ పొందలేదు. ఎత్తైన ట్యాంకులు, గొట్టాల ద్వారా నీటి సరఫరా వచ్చిన తరువాతనే షవరు సామాన్యమైనది.

మెదక్‌లో నీరు

హైదరాబాదుకు ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, మంజీర నదికి చేరువలో మెదక్ ఉన్నది. 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లా మూడుగా విడిపోయినప్పటి నుండి ఈ పట్టణం కొత్త మెదక్ జిల్లాకు కేంద్రం. ఇంటింటికీ నల్లా నీరు ఇచ్చే మిషన్ భగీరథ పథకం 2016 ఆగస్టు 7న అప్పటి మెదక్ జిల్లాలోనే, గజ్వేల్ మండలం కోమటిబండలో ప్రారంభమైనది. నల్లా నీరు వచ్చే వేళకు సంపులో పట్టుకొని, మోటారుతో పై ట్యాంకుకు ఎక్కించుకోవడం, దానికి తోడుగా బోరు వేసుకోవడం ఇక్కడి ఇళ్ళలో మామూలు. కాబట్టి షవరుకు నీరు వచ్చేది ఊరి గొట్టం నుండి కాదు, మన కప్పు మీది ట్యాంకు నుండి. పాశ్చాత్య దేశాల పుస్తకాలు వీధి గొట్టంలో ఎల్లప్పుడూ పీడనం ఉంటుందని భావించి వ్రాసినవి. వాటిలోని సలహాలు ఇక్కడ యథాతథంగా పనికిరావు.

ట్యాంకు ఎత్తు, నీటి పీడనం

షవరు బాగా పనిచేయాలంటే ముందుగా తేల్చుకోవలసినది ఇదే. నీటి మట్టం షవరు హెడ్ కంటే ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటే అంత పీడనం వస్తుంది. 10 మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ పీడనం, అనగా మీటరుకు సుమారు 0.1 బార్ అని లెక్క.

ఒక అంతస్తు ఇంటిని తీసుకొందాము. నేల నుండి స్లాబు పై తలం వరకు 3.2 మీటర్లు, షవరు హెడ్ 2.1 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకొంటే, స్లాబు మీదనే పెట్టిన ట్యాంకు అడుగుకు, షవరుకు మధ్య తేడా 1.1 మీటర్లే. పీడనం 0.1 బార్‌కు కొద్దిగా ఎక్కువ. ట్యాంకు నిండుగా ఉంటే దీనికి ఇంకొక మీటరు కలుస్తుంది, అడుగంటే కొద్దీ ధార పలచబడుతుంది. అదే ట్యాంకును 2 మీటర్ల దిమ్మె మీద పెడితే తేడా 3.1 మీటర్లు, అనగా దాదాపు మూడు రెట్లు. రెండంతస్తుల ఇంటిలో కింది అంతస్తు షవరుకు దిమ్మె లేకుండానే 4 మీటర్ల పైచిలుకు లభిస్తుంది కాని, పై అంతస్తు వారికి పాత కష్టమే.

ఎనిమిది అంగుళాల వెడల్పైన వాన షవర్లకు సాధారణంగా ఒక బార్ దాకా పీడనం కావాలి. వేల రూపాయలు పోసి కొన్న వాన షవరు ఇంట బిగించిన తరువాత బొట్లు బొట్లుగా కారడానికి కారణం ఇదే. లోపం వస్తువులో లేదు. తక్కువ పీడనం ఉన్న ఇంటికి నాలుగంగుళాల చిన్న షవరు, లేదా కిందికి దించి పట్టుకొనగల హ్యాండ్ షవరు మేలు.

ఎత్తు చాలనప్పుడు ట్యాంకు నుండి దిగే గొట్టానికి ప్రెజర్ పంపు బిగించవచ్చును. కుళాయి తిప్పగానే ఇది తనంతట తానే ఆన్ అవుతుంది. పంపు ఒక్క చన్నీటి గొట్టానికే బిగిస్తే చన్నీళ్ళు వేడి నీటిని వెనక్కు నెట్టి, మిక్సరులో రెండూ సరిగా కలవవు. కాబట్టి చన్నీటి దారి, గీజరు దారి విడిపోకముందే పంపు ఉండాలి. గీజరు మీద వ్రాసి ఉన్న పీడన పరిమితిని కూడా చూసుకోవలెను. నల్లా గొట్టానికి నేరుగా మోటారు పెట్టి లాగడం తగదు. పొరుగువారి నీరు తగ్గడమే కాక, గొట్టానికి చిల్లు ఉన్నచోట మురుగు లోపలికి పీల్చబడుతుంది.

కరెంటు పోతే పంపు ఆగుతుంది, దిమ్మె మాత్రం ఆగదు. ఇల్లు కట్టేటప్పుడే దిమ్మె ఎత్తుగా కట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిది.

గొట్టాలు

ట్యాంకు నుండి స్నానాల గది వరకు ఒక అంగుళం లేదా ముప్పావు అంగుళం గొట్టం తెచ్చి, షవరు దగ్గర మాత్రమే అరంగుళానికి తగ్గించడం మంచిది. ఒకే ప్రవాహానికి ముప్పావు అంగుళం గొట్టంతో పోలిస్తే అరంగుళం గొట్టంలో పీడన నష్టం కొన్ని రెట్లు ఎక్కువ. ఎల్బోలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ట్యాంకు నుండి దిగే గొట్టానికి ట్యాంకు పైమట్టం దాటేటట్లు ఒక గాలి గొట్టం నిలపకపోతే, లోపల గాలి చిక్కుకొని నీరు ఆగిపోతుంది.

వేడి నీటికి సీపీవీసీ గొట్టాలు వాడాలి. మామూలు యూపీవీసీ గొట్టం వేడికి మెత్తబడి వంగుతుంది. పాత ఇళ్ళలోని జీఐ గొట్టాలు తుప్పు వలన, సున్నపు పెచ్చుల వలన లోపల ఇరుకవుతాయి.

వేడి నీరు

మెదక్‌లో చలికాలపు రాత్రులు చల్లనివి, తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు దిగడం కద్దు. బోరు నుండి అప్పుడే తోడిన నీరు గోరువెచ్చగా ఉన్నా, రాత్రంతా కప్పు మీద ఉన్న నీరు చల్లబడుతుంది.

గీజరు పరిమాణాన్ని చిన్న లెక్కతో నిర్ణయించవచ్చును. 22 డిగ్రీల చన్నీటితో 60 డిగ్రీల వేడి నీటిని కలిపి 40 డిగ్రీల స్నానపు నీరు చేస్తే, 15 లీటర్ల గీజరు నుండి సుమారు 32 లీటర్లు వస్తాయి. నిమిషానికి 8 లీటర్లు పోసే షవరుకు అది 4 నిమిషాలకు సరిపోతుంది. 25 లీటర్ల గీజరైతే ఆరు నిమిషాలు దాటుతుంది. 2 కిలోవాట్ల గీజరు 15 లీటర్లను తిరిగి వేడి చేయడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. బడి వేళకు నలుగురు వరుసగా స్నానం చేసే ఇంటిలో ఈ 20 నిమిషాలే తగువులకు మూలం. 3 లీటర్ల, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు నిమిషానికి రెండున్నర లీటర్ల కంటే తక్కువ నీటినే 40 డిగ్రీలకు తేగలదు కాబట్టి అది బకెట్‌కు, వంటింటికి తగినది, షవరుకు కాదు.

సౌర వేడి నీటి యంత్రం పెట్టదలచినవారు ట్యాంకు దిమ్మె విషయం మరొకసారి చూసుకోవలెను. చన్నీటి ట్యాంకు అడుగు సౌర ట్యాంకు పైభాగం కంటే ఎత్తున ఉంటేనే నీరు దానిలోకి దిగుతుంది. పీడనానికి తట్టుకోని రకం సౌర ట్యాంకుకు ముందు ప్రెజర్ పంపు బిగించరాదు. అటువంటి ఇళ్ళలో సౌర ట్యాంకు తరువాత వేడి నీటి దారికి ఒకటి, చన్నీటి దారికి ఒకటి చొప్పున రెండు పంపులు అవసరమవుతాయి.

ఎండాకాలంలో చిక్కు తలక్రిందులవుతుంది. మే నెల మధ్యాహ్నం నల్లని ట్యాంకులోని నీరు ఒంటి మీద పోసుకోలేనంతగా కాగి ఉంటుంది. ట్యాంకుకు నీడ కల్పించడం, తెల్లని ట్యాంకు వాడడం కొంత ఉపశమనం. ముందు రోజు నుండి స్విచ్ ఆపి ఉంచిన గీజరులోని నీరు గది లోపల ఉండడం వలన కప్పు మీది నీటి కంటే చల్లగా ఉంటుంది, అందుచేత వేసవిలో వేడి నీటి కుళాయి తిప్పి చన్నీటి స్నానం చేసేవారున్నారు.

ప్రమాదాలు

తడి ఒంటికి విద్యుత్తు ప్రాణాంతకం. గీజరుకు వేరుగా 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపివేసే ఆర్‌సీసీబీ ఉండాలి. స్విచ్ గది బయట ఉండటం ఉత్తమం. ఎర్తింగు లేని పాత ఇంటిలో ముందుగా ఆ పని చేయించి, ఆ తరువాతే గీజరు కొనడం మంచిది. గ్యాస్ గీజరును స్నానాల గదిలోపల ఎన్నడూ పెట్టరాదు. మూసిన గదిలో గ్యాస్ మండినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. ఊపిరాడటం లేదని తెలియకముందే మనిషి స్పృహ తప్పుతాడు. తలుపు మూసి ఉంటుంది కాబట్టి బయటివారికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలదు. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంటిలో ముందు చన్నీరు, తరువాత వేడి నీరు తిప్పే అలవాటు చేయవలెను.

కఠిన జలం

ఈ ప్రాంతపు బోర్లు గ్రానైటు వంటి కఠిన శిలల పగుళ్ళలోని నీటిని తోడుతాయి. ఆ నీరు తరచుగా కఠిన జలం. తాగునీటి ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉన్నది. 200 దాటితే సబ్బు నురగ తగ్గి, షవరు రంధ్రాలు తెల్లని సున్నంతో పూడుకుపోతాయి. రబ్బరు మొనలు గల షవరును వేలితో రుద్దితే పెచ్చు రాలిపోతుంది. లోహపు హెడ్ అయితే విప్పి వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టాలి. నీరు వేడెక్కే కొద్దీ సున్నం ఎక్కువగా పేరుకొంటుంది కనుక గీజరును అవసరానికి మించి కాచకపోవడం మేలు. బోరు నీరు ముందుగా పరీక్ష చేయించుకొని, కాఠిన్యం మరీ ఎక్కువైతే సాఫ్ట్‌నర్ సంగతి ఆలోచించవచ్చును.

గది, నేల, పని వరుస

జాతీయ భవన నియమావళి ప్రకారం స్నానాల గది కనీసం 1.8 చదరపు మీటర్లు, మరుగుదొడ్డితో కలిపి ఉంటే 2.8 చదరపు మీటర్లు ఉండాలి. షవరు కింద మూడడుగుల చదరం తడి స్థలంగా విడిచి, దానిని మిగతా నేల కంటే కొద్దిగా పల్లం చేసి, నహాని ట్రాప్ వైపు మీటరుకు 10 నుండి 15 మిల్లీమీటర్ల వాలు ఇవ్వాలి. ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉంటేనే మురుగు వాసన పైకి రాదు. నేలకు గరుకు టైల్స్ వేయాలి. వృద్ధులకు గోడకు పట్టుకొమ్మి, కూర్చోవడానికి పీట అవసరం.

మిక్సరు, డైవర్టరు గోడ లోపల ఉండేవి కాబట్టి ఏ నమూనా కావాలో గోడకు గాడి కొట్టకముందే నిర్ణయించాలి. గొట్టాలు వేశాక పీడనం పెట్టి కారడం లేదని చూసుకొని, ఆ తరువాతనే ప్లాస్టరింగు చేయించాలి. నేలకు వాటర్‌ప్రూఫింగు పూర్తయ్యాక 24 నుండి 48 గంటలు నీరు నిలిపి చూడాలి. మేస్త్రీ తొందరపెట్టే దశ ఇదే. టైల్స్ అతికించిన తరువాత లీకు బయటపడితే కిందిగది స్లాబుకు చెమ్మ పట్టి, మొత్తం పగులగొట్టవలసి వస్తుంది. గోడ మూయకముందు కొలత టేపు పక్కన పట్టి గొట్టాల ఫొటోలు తీసి ఉంచుకొంటే, పదేళ్ళ తరువాత మేకు కొట్టేటప్పుడు పనికివస్తాయి.

నీటి ఖర్చు

ఐ.ఎస్. 1172 ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు లెక్కగడుతుంది. ఇంజినీరింగు పాఠ్యపుస్తకాలు అందులో 55 లీటర్లు స్నానానికి కేటాయిస్తాయి. నిమిషానికి 8 లీటర్ల షవరు కింద అయిదు నిమిషాలు నిలబడితే 40 లీటర్లు. పంపు బిగించిన పెద్ద షవరు 15 లీటర్లు పోస్తే అదే సమయానికి 75 లీటర్లు. ఒక బకెట్ స్నానానికి 15 నుండి 20 లీటర్లు చాలు. బోర్లు అడుగంటే వేసవిలో ఈ తేడా ఇంటివారికి తెలిసివస్తుంది కాబట్టి, షవరు పెట్టిన గదిలోనూ బకెట్ పట్టే కుళాయి ఒకటి తప్పనిసరిగా ఉంచుకోవాలి. షవరు మురుగు గొట్టాన్ని మరుగుదొడ్డి గొట్టంతో కలపకుండా విడిగా బయటికి తెస్తే, ఆ నీటిని పెరటిలోని కొబ్బరి, అరటి పాదులకు మళ్ళించవచ్చును.