కార్నీ

మొన్న రాత్రి భోజనమువేళ కాకరకాయ పులుసు వడ్డించుచు, "చదువకముందు కాకరకాయ, చదివిన పిమ్మట కీకరకాయ" యను సామెతను మా యమ్మాయికి వినిపించితిని. కాలేజీలో చదువుచున్న పిల్ల, నవ్వునని తలచితిని. "అబ్బ, ఎంత కార్నీగా ఉందమ్మా!" అని కంచము ముందునుండి లేచిపోయినది. నాకు మనసు చివుక్కుమన్నది. మాటకు అర్థము తెలియకపోవుటచే మఱింత నొచ్చినది.

మావారి నడిగితిని. బడిపంతులుగారు గదా, విస్తరముగనే చెప్పిరి. కూరగాయ పేరునకు తుద ఇకారము చేర్చి మనుష్యులకు విశేషణముగ వాడుట ఆంగ్లేయుల వాడుకభాషలో నొక యలవాటట. ఎఱ్ఱజుట్టువాడు క్యారటీ. ఉత్సాహముతో గంతులు వేయువాడు బీనీ. మనము గుఱ్ఱములకు ఉలవగుగ్గిళ్లు పెట్టినట్లు వారు చిక్కుడుజాతి గింజలు పెట్టెడివారు. దాణా తిన్న గుఱ్ఱపు చురుకు నరులకు సంక్రమించినది కాబోలు! మనకు మాత్రము ఇట్టివి లేవా? కోపము వచ్చినవాని మొగము కందగడ్డ. ప్రగల్భములు సొరకాయ కోతలు.

ఇక కార్నీ. ఇంగ్లండున కార్న్ అనగా గోధుమలు, యవలు మొదలగు ధాన్యము. 14వ శతాబ్దమున చాసరు కవి ఈ విశేషణమును ధాన్యపు రుచిగల మద్యమునకు వాడెను. అందు నింద లేదు. అమెరికాలో కార్న్ అనగా మొక్కజొన్న. 1930 ప్రాంతమున అచ్చటి జాజ్ వాద్యకారులు, పల్లెజనులు మెచ్చెడి పాతబాణీలను మొక్కజొన్న తిని పెరిగిన పాటలని యెగతాళి చేయసాగిరి. క్రమముగా ఆ మాట నలిగిన హాస్యమునకు, చవకబారు సినిమా కన్నీళ్లకు ప్రాకినది. పండించువాని తిండియే వానికి తిట్టయ్యెను!

ఇంతవఱకు విని నాకు కోపము వచ్చినది. పిదప సిగ్గు వేసినది. దండి కావ్యాదర్శమున గ్రామ్యతను దోషముగ నెంచలేదా? చిన్నయసూరి బాలవ్యాకరణమున లక్షణమునకు లొంగని భాషకు గ్రామ్యమనియే పేరిడలేదా? గ్రామము నుండి పుట్టిన మాటయే గదా యది! చిన్ననాట మా నాన్నగారు నాచేత వల్లెవేయించినవే యివి. ఆ బలముతోనే, మా యింటికి చల్ల తెచ్చు ముసలమ్మ "సల్ల" అనినపుడెల్ల నేను దిద్దుచుంటిని. పాపము, ఆమె తల యూపి, మఱునాడు మరల సల్ల యనియే పిలుచును.

ఈ యుదయమున వీధిలో "సల్ల కావాలా అమ్మా?" యని కేక వినవచ్చినది. రెండు గ్లాసులు పోయుమంటిని.