కాటిసీనులో వెన్నెల

తిరునాళ్లు వచ్చాయంటే ఊళ్లో నాటకం ఉంటుంది. హరిశ్చంద్ర నాటకం చూడనివాళ్లు తక్కువ. ఎంత నిద్రమత్తులో ఉన్నా కాటిసీను వచ్చేసరికి లేచి కూచుంటారు. చంద్రమతి చచ్చిపోయిన కొడుకును ఎత్తుకుని వస్తుంది. చుట్టూ చీకటి. ఒక పక్క చితిమంట. పైన వెన్నెల. చూసేవాళ్ల కళ్లు తడుస్తాయి.

ఆ మంట నిజం మంట కాదు. ఆ వెన్నెల నిజం వెన్నెల కాదు. అవి లైట్లతో చేసినవి. ఆ లైట్లు వేసేవాళ్లు ఎవరికీ కనబడరు. వాళ్లు ఏం చేస్తారు? ఆ పని ఎలా నేర్చుకుంటారు? ఆడవాళ్లు ఆ పని చెయ్యగలరా? తెలుసుకుందాం.

దివిటీ నుంచి కరెంటు దాకా

వెనకటి రోజుల్లో వీధి నాటకాలకు దివిటీలు పట్టేవాళ్లు. తోలుబొమ్మలాటకు తెర వెనక దీపం పెట్టేవాళ్లు. తర్వాత పెట్రోమాక్స్ లైట్లు వచ్చాయి. ఆ తర్వాత కరెంటు వచ్చింది.

1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్లో సురభి నాటక సమాజం మొదలయింది. కుటుంబాలకు కుటుంబాలే అందులో పనిచేశాయి. ఆడవేషాలు కూడా మగవాళ్లే వేసే ఆ రోజుల్లో సురభి ఆడవాళ్లు రంగం మీదికి వచ్చారు. మాయలూ మంత్రాలూ కళ్లకు కట్టినట్టు చూపించడంలో సురభికి పెద్ద పేరు.

కలకత్తాలో తాపస్ సేన్ అనే ఆయన లైట్ల పనిలో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1959లో ‘అంగార్’ అనే బెంగాలీ నాటకం ఆడారు. అది బొగ్గుగని కూలీల కథ. గనిలోకి నీళ్లు ముంచుకొస్తాయి. రంగం మీద నీటిచుక్క లేదు. తాపస్ సేన్ వరదను లైట్లతోనే చూపించారు.

శిష్యరికం

పనిలో ఉంటూ పని నేర్చుకునేవాళ్లను ఇంటర్న్ అంటారు. మన మాటల్లో శిష్యరికం. ఒక ఇంటర్న్ అమ్మాయి సంగతి చూద్దాం. డిగ్రీ చదివింది. లైట్ల మాస్టారు దగ్గర పని నేర్చుకుంటోంది. ఆ రోజు రాత్రి 7 గంటలకు పట్నంలోని కళామందిరంలో హరిశ్చంద్ర నాటకం ఉంది.

ఉదయం 8 గంటలకే వ్యాను వచ్చింది. అమ్మాయి గాజులు తీసి సంచిలో పెట్టింది. జడ ముడి వేసుకుంది. చున్నీ వదిలేసింది. కాళ్లకు రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకుంది. నిచ్చెన మీద, కరెంటు దగ్గర వేలాడేవి ఏవీ ఉండకూడదు.

మొదటి పని లెక్క. 18 లైట్లు. 18 గొలుసులు. వైర్ల చుట్టలు ఎన్ని? రంగు కాయితాలు ఎన్ని? కాయితం మీద రాసుకుంటూ దింపించింది. రాత్రి తిరిగి ఎక్కించేటప్పుడు ఆ కాయితమే సాక్ష్యం.

భాగహారం తప్పితే చీకటే

రంగం పైన ఇనుప గొట్టాలు ఉంటాయి. లైట్లు వాటికి బిగిస్తారు. ఒక్కో లైటు ఐదారు కిలోలు ఉంటుంది. మర ఊడితే కింద ఉన్నవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే ప్రతి లైటుకూ విడిగా ఒక ఇనుప గొలుసు కడతారు. మర ఊడినా గొలుసు పట్టుకుంటుంది.

అమ్మాయి నిచ్చెన ఎక్కింది. కింద ఒకతను నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె ఒక్కో లైటూ బిగించి, గొలుసు వేసి, చేత్తో లాగి చూసింది.

ఇక కరెంటు. ఒక్కో లైటూ 1000 వాట్లది. మన కరెంటు 230 వోల్టులది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఎంత కరెంటు లాగుతుందో తెలుస్తుంది. దాన్ని ఆంపియర్లలో చెబుతారు.

1000ని 230తో భాగిస్తే 4.35 వస్తుంది. అంటే ఒక లైటుకు సుమారు నాలుగున్నర ఆంపియర్లు. పెద్ద ప్లగ్గు తట్టుకునేది 16 ఆంపియర్లు. మూడు లైట్లు పెడితే 13 ఆంపియర్లు. నాలుగు పెడితే 17 దాటుతుంది. వైరు వేడెక్కుతుంది. ఫ్యూజు పోతుంది. ఒక్కోసారి నిప్పు అంటుకుంటుంది.

“ఒక్కో ప్లగ్గుకు రెండే పెడదాం మాస్టారూ” అంది అమ్మాయి.

“అంతేనమ్మా. మూడోది పడుతుంది కదా అని పెట్టకూడదు” అన్నారు మాస్టారు.

18 లైట్లకు 9 ప్లగ్గులు. కాయితం మీద నంబర్లు వేసింది. లైటు మీదా, వైరు చివరా అవే నంబర్లు అంటించింది.

హాలోజన్ బల్బును వట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలికి ఉన్న జిడ్డు గాజుకు అంటుతుంది. బల్బు వెలిగినప్పుడు జిడ్డు ఉన్నచోట మరీ వేడెక్కి పగులుతుంది. అందుకే గుడ్డతో పట్టుకుంటారు.

వెలుగు ఎటు నుంచి పడాలి?

మధ్యాహ్నం అన్నం తిన్నాక వెలుగు సర్దే పని.

చీకటి గదిలో టార్చిలైటు గడ్డం కింద పెట్టుకుని అద్దంలో చూసుకోండి. మొహం దెయ్యంలా ఉంటుంది. నెత్తి మీద పెడితే కళ్లు గుంటలు పడతాయి. ఎదురుగా కొంచెం పైనుంచి, అటొకటి ఇటొకటి వెలుగు పడితే మొహం మామూలుగా ఉంటుంది. కళ్లలో నీళ్లు కూడా కనబడతాయి. వెనక నుంచి ఇంకో లైటు వేస్తే మనిషి తెరకు అతుక్కున్నట్టు లేకుండా విడిగా కనబడుతుంది.

చంద్రమతి నిలబడే చోట అమ్మాయి నిలబడింది. మాస్టారు లైటు తిప్పుతూ సరిచేశారు.

“కళ్లు మూసుకో. మొహానికి ఎక్కడ బాగా వెచ్చగా తగిలితే అక్కడ ఆగు” అన్నారు.

ఆగినచోట నేల మీద సుద్దతో గీత పెట్టింది. రాత్రి చంద్రమతి వేషం వేసే ఆమె అక్కడే నిలబడాలి.

నీలి కాయితం అడ్డం పెడితే వెన్నెల. నారింజ కాయితం పెట్టి, వెలుగు తగ్గిస్తూ పెంచుతూ ఉంటే చితిమంట. వెలుగు తగ్గించే పెట్టెను డిమ్మర్ అంటారు. అది ఫ్యాను రెగ్యులేటరు లాంటిదే.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. చంద్రమతికి ఎర్రచీర తెచ్చారు. నీలి వెలుగులో అది నల్లగా కనబడింది. ఎందుకు? ఎర్రగుడ్డ ఎర్ర వెలుగునే తిప్పి పంపుతుంది. నీలి వెలుగులో ఎరుపు ఉండదు. కంటికి వచ్చేది ఏమీ ఉండదు, అందుకే నలుపు. అమ్మాయి మాస్టారుకు చెప్పింది. ఆయన నాటకం వాళ్లతో మాట్లాడారు. గోధుమరంగు చీర మార్చారు.

చదువు వచ్చినందుకు

ఏ మాటకు ఏ లైటు వెయ్యాలో ముందే రాసుకుంటారు. ఆ గుర్తును క్యూ అంటారు. కాటిసీను కాయితం ఇలా ఉంది:

21. తెర లేవగానే – నీలం సగం.
22. చంద్రమతి ఏడుపు వినబడగానే – ఎడమ పక్క 7వ లైటు మెల్లగా.
23. కొడుకును కింద పడుకోబెట్టగానే – చితిమంట.
24. మంగళసూత్రం మాట రాగానే – మెడ మీద చిన్న వెలుగు. మిగతావి తగ్గించాలి.

కథ మీకు తెలుసు. భార్య మెడలో సూత్రం భర్తకు తప్ప ఎవరికీ కనబడదు. హరిశ్చంద్రుడు ఆమెను గుర్తుపట్టేది దాని వల్లే. ఆ క్షణంలో వెలుగు తప్పితే సీను పోతుంది.

7 గంటలకు నాటకం మొదలయింది. అమ్మాయి కాయితం చూసి అంకె చెబుతుంది. మాస్టారు మీట జరుపుతారు. పది గంటలకు కాటిసీను. 22 దగ్గర 7వ లైటు బల్బు పోయింది. చంద్రమతి సగం మొహం చీకట్లో ఉంది. రంగం మధ్యలో చితి పేర్చి ఉంది. చూడక కాలు తగిలితే పడిపోతుంది.

అమ్మాయి కంగారు పడలేదు. నంబర్ల కాయితం మీద వేలు పెట్టి చూసింది. అదే చోట పడే వెలుగు ఇంకొకటి ఉంది.

“తొమ్మిది, మాస్టారూ” అంది మెల్లగా.

మాస్టారు తొమ్మిదో మీట పెంచారు. చంద్రమతి మొహం మళ్లీ కనబడింది. చూసేవాళ్లకు ఏమీ తెలియలేదు.

తెర పడ్డాక లైట్లు చల్లారేదాకా ఆగారు. వెంటనే పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. దించారు. లెక్క సరిచూశారు. 18కి 18. రాత్రి 12 దాటింది. వ్యానులో అమ్మాయిని ఇంటి గుమ్మం దాకా దింపారు. ఈ మాట ఆమె పనిలో చేరిన రోజే అడిగి ఒప్పించుకుంది.

కూలి సంగతి

నేర్చుకునేటప్పుడు డబ్బు తక్కువ. కొన్నిచోట్ల ఏమీ ఇవ్వరు. బస్సు ఖర్చు, భోజనం, రాత్రి ఇంటికి చేర్చడం – ఇవి ఎవరు చూస్తారు? ఎన్ని నెలలు నేర్పుతారు? ముందే అడగాలి. కాయితం మీద రాయించుకోవాలి. చదివి సంతకం పెట్టాలి. నిచ్చెన ఎక్కడానికి ఆడా మగా తేడా లేదు. కింద పట్టుకునేవాళ్లు ఉండాలి, అంతే.

ఈ విద్య నేర్పే బడులూ ఉన్నాయి. ఢిల్లీలో 1959లో మొదలైన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాటకాల శాఖ ఉంది.

ఇప్పుడు ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. వేడి తక్కువ. కరెంటు తక్కువ. కొన్నింటిలో ఒక్క లైటే చాలా రంగులు ఇస్తుంది. పాత లైట్లు 18 ఒక గంట నిండుగా వెలిగితే 18 యూనిట్లు కాలుతుంది. అంత కరెంటుతో ఇంట్లో 9 వాట్ల బల్బును రోజుకు 5 గంటల చొప్పున ఏడాదికి పైగా వెలిగించుకోవచ్చు.

మన ఇంట్లో కూడా

ఆ అమ్మాయి వేసిన లెక్క ఇంటికీ పనికొస్తుంది.

ఒకే ప్లగ్గుకు హీటరు, ఇస్త్రీపెట్టె, మిక్సీ కలిపి పెట్టకండి. ఒక్కోదాని మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. చదవండి. కూడండి.

ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉందా? వాడడం ఆపండి. పని తెలిసినవాళ్లకు చూపించండి.

మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలు ఎర్తుది. పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టకండి. షాకు కొట్టకుండా కాపాడేది అదే.

తడి చేత్తో స్విచ్చి వెయ్యకండి.

ఎవరికైనా షాకు కొడితే వాళ్లను పట్టుకుని లాగకండి. ముందు మెయిను ఆపండి. ఆపడం కుదరకపోతే మీరు పొడిగా ఉన్నచోట నిలబడి పొడి కర్రతో వైరును తప్పించండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఆలోచించండి, చెప్పండి

1. హీటరు 1500 వాట్లు, ఇస్త్రీపెట్టె 1000 వాట్లు. రెండూ కలిపి ఎన్ని ఆంపియర్లు?
2. మీ ఇంట్లో ఏ ప్లగ్గుకు ఎర్తు లేదు?
3. మీ ఊళ్లో ఈసారి నాటకం వేస్తే, లైట్ల దగ్గర కూచుని పని చూడడానికి ఎవరు ముందుకొస్తారు?