తుఫాను చేనుకి, పరిహారం కాగితానికి

వాతావరణ మార్పుల మీద నాలుగు ముక్కలు రాయమని మన తెలుగు సంఘం సంచిక కమిటీవారు అడిగారు. నేను శాస్త్రవేత్తను కాను. హ్యూస్టన్‌లో బీమా క్లెయిముల కాగితాలు చూసే ఉద్యోగం నాది. ఎవరి ఇల్లు ఎంత మునిగింది, పాలసీలో ఏ వాక్యం కింద ఎంత వస్తుంది, రాకపోతే ఎందుకు రాదు, ఇదే రోజూ పని. అందుకని ధ్రువాల మంచు జోలికి పోను. గాలివాన వెలిశాక డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నది మాత్రం నాకు తెలుసు. అదే రాస్తాను.

మనవాళ్ళు లేని దేశం లేదు కాబట్టి మనవాళ్ళు తడవని వాన కూడా లేదు. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు టెక్సాస్ తీరంలో కొన్నిచోట్ల ఏడాదంతా పడాల్సిన వాన కొద్ది రోజుల్లోనే పడింది. నాలుగేళ్ళు తిరక్కుండా అదే రాష్ట్రం మంచుకు బిగుసుకుపోయి ఇళ్ళల్లో నీటి గొట్టాలు పగిలాయి. 2022 జులైలో ఇంగ్లండులో ఎండ మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటింది. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో ఒకచోట ఒక్కరోజులోనే 254 మిల్లీమీటర్లు కురిసింది. గల్ఫ్‌లో ఉన్న మన కోనసీమవాళ్ళు ఆ వారం పంపిన వీడియోలు చూస్తే అది దుబాయో, గోదావరి వరదల్లో లంకో పోల్చుకోవడం కష్టమైంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది. మోసినదంతా ఎక్కడో ఒకచోట దించాలి కదా!

హ్యూస్టన్ సంగతి ఒక్క మాటలో చెప్పి ఊరికి వెళ్తాను. కప్పు ఎగిరి వాన లోపల పడితే ఒక లెక్క, నీరు నేల మీదుగా గుమ్మం దాటి వస్తే ఇంకో లెక్క. రెండోదానికి మామూలు ఇంటి బీమా పైసా ఇవ్వదు. వరద బీమా విడిగా కొనాలి. ప్రభుత్వ పథకంలో కొంటే, మామూలుగా 30 రోజులు గడిస్తేగాని అమల్లోకి రాదు. మెక్సికో గల్ఫ్‌లో తుఫాను పుట్టిందని టీవీలో చూసి ఏజెంటుకు ఫోన్ చేస్తే ఆయన చేసేదేమీ ఉండదు. హార్వీ నీరు తగ్గాక ఎవరు నిలబడ్డారో, ఎవరు కూలబడ్డారో చాలామటుకు కాగితమే తేల్చింది. ఊళ్ళోనూ అంతే. కాకపోతే అక్కడ మునిగేది ఒకరు, కాగితం ఉండేది ఇంకొకరి దగ్గర.

మా రాయవరం గౌతమికి ఇవతలి ఒడ్డు. లంక కాదు, సముద్రతీరమూ కాదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఏరు దాటకుండానే కోనసీమ జిల్లావాళ్ళమయ్యాం. పసలపూడి మా మండలమే. వంశీ గారి కథల పుణ్యమా అని ప్రపంచంలో ఏ తెలుగువాడికీ ఆ ఊరి దారి చెప్పక్కర్లేదు. సోమేశ్వరం, వెదురుపాక, చెల్లూరు, లొల్ల, ఎటు చూసినా వరి. కాలవ కింద రెండు పంటలు, వానాకాలంలో సార్వా, ఆ తర్వాత దాళ్వా. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి మాకు నీళ్ళు రావడం పెద్ద కష్టం కాలేదు. వచ్చిన నీళ్ళు పోవడమే కష్టం. డెల్టా చదునైన నేల. మురుగు కాలవల్లో గుర్రపుడెక్క, తూడు. సముద్రం పోటు మీదుంటే కాలవల నీరు తీసుకోదు. అలాంటి నేల మీద వారంలో పడాల్సిన వాన ఒక్క రాత్రిలో పడితే చేను చెరువవుతుంది. 2011లో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో పంట విరామం ప్రకటించి దేశమంతా తిరిగి చూసేలా చేశారు. ఆ రోజు వాళ్ళు చెప్పుకున్న కష్టాల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగూ ఉంది.

తుఫాను మాకు కొత్త కాదు. 1996 నవంబరు 6 రాత్రి గుర్తున్నవాళ్ళు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు. వెయ్యిమందికి పైగా పోయారు, కోనసీమ కొబ్బరి నేలమట్టమైంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇప్పుడు తేడా ఎక్కడ వచ్చిందంటే, పెద్దవాళ్ళు వేసుకున్న నెలల లెక్క తప్పింది. వరద అంటే ఆగస్టు అనుకునేవాళ్ళం. 2022లో జులై మధ్యకే భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు పైచిలుకు దిగింది. తుఫాను అంటే దీపావళి అటూఇటూ అనుకునేవాళ్ళం. పెథాయ్ 2018 డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటి, మాసూళ్ళ మీదున్న ధాన్యాన్ని తడిపింది. అదే ఏడాది ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదన్నంత ఎండిపోయింది. ఒకే సార్వాలో అదీ ఇదీ రెండూ. దాళ్వా అయినా నిశ్చింతగా ఇంటికి వస్తుందనుకుంటే, 2023 ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో పడ్డ వానలకు కల్లాల్లో ధాన్యం మొలకెత్తింది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటేసరికి చేలు గింజ మీదున్నాయి. తెల్లారేసరికి పడిపోయాయి.

పడిపోయిన చేను ఎలా ఉంటుందో ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. గాలి ఎటు తోస్తే అటు మొక్కలన్నీ ఒకే వైపు, దువ్వినట్టు పడుకుంటాయి. వెన్నులు నీళ్ళలో నానతాయి. కోతకొచ్చిన చేనైతే కొద్దిరోజుల్లోనే గింజ మొదట్లో తెల్లటి మొలక పొడుస్తుంది. నీరు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల గళ్ళుప్పు కలిపి వెన్నుల మీద, పనల మీద పిచికారీ చేస్తే మొలక కొంత ఆగుతుంది. వ్యవసాయ శాఖవారు ఏటా చెప్పే మందు ఇదే, చవకైనది, పనిచేస్తుంది. కానీ పడిన చేలో మిషను కోత నత్తనడక, గంటల లెక్కన కిరాయి రెట్టింపు అవుతుంది. రంగు మారిన గింజ, 17 శాతం దాటిన తేమ, ఇక మిల్లు దగ్గర మాట కూడా మారిపోతుంది. ముంపు తట్టుకునే విత్తనం లేదా అంటే, ఉంది. మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం వరి ఒరిస్సా, బెంగాలు దాకా పాకింది. దానికి ముంపు తట్టుకునే జన్యువు జోడించిన స్వర్ణ-సబ్ 1 మొక్క దశలో రెండు వారాల ముంపును ఓర్చుకుంటుంది. ఇది గోదావరి జిల్లాలవాళ్ళం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతే. అయితే కోతల ముందు పడిపోయిన చేనుకు ఏ జన్యువూ లేదు. అక్కడ ఆదుకోవలసింది పరిహారం, బీమా.

ఇక అసలు విషయం. ఆ చేలో దిగినవాడు ఎవరు? డెల్టాలో సాగు చేస్తున్నవాళ్ళలో ఎక్కువమంది కౌలుదార్లే. ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా మాట్లాడుకుని, నోటి మాట మీద దుక్కిలో దిగుతారు. పాస్ పుస్తకం హైదరాబాదులోనో, డాలస్‌లోనో, సిడ్నీలోనో, అంటే మన దగ్గర ఉంటుంది.

మా బావ డాలస్‌లో ఉంటాడు. రాయవరం మండలంలో వాళ్ళకి మూడెకరాల పల్లపు చేను ఉంది. మొంథా నష్టం రాసుకుంటున్న రోజుల్లో కౌలు చేసే ఆయన ఫోన్ చేశాడు. "ఆయ్, జాబితాలో నా పేరు రాలేదండి. నాన్నగారి పేరుందండి" అన్నాడు. నాన్నగారంటే మా మావయ్య. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పాస్ పుస్తకం ఇంకా ఆయన పేరే. ఏ చేలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో సాగుదారుగానూ ఆయనే ఎక్కారు. పోయినవారికి వేలిముద్ర లేదు, ఆధార్‌కు కట్టిన ఫోనూ లేదు. నష్టం రాశారు, మనిషి దొరకలేదు.

"ఎంతొస్తుందిరా?" అన్నాడు బావ. 2024 సెప్టెంబరు వరదల్లో వరికి హెక్టారుకు 25 వేలు ఇచ్చారు, ఆ లెక్కన మూడెకరాలకు ముప్ఫై వేలు అన్నాను. "దానికింత గొడవ దేనికి, నేనే పంపేస్తాను" అన్నాడు, పంపాడు కూడా. మనవాళ్ళ చెయ్యి ఎప్పుడూ పెద్దదే, కాదనను. కానీ సమస్య ఆ ముప్ఫై వేలు కాదు. ఈ-క్రాప్‌లో పేరు లేనివాడు ధాన్యం ప్రభుత్వానికి అమ్మాలంటే డబ్బు ఇంకొకరి ఖాతాలో పడాలి. పంట రుణానికి బ్యాంకు గడప ఎక్కలేడు, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాలి. పంటల బీమాలో పేరుండదు. సార్వాకు బీమా మొత్తంలో రెండు శాతం, దాళ్వాకు ఒకటిన్నర, ప్రీమియంలో రైతు వాటా అంతే. అంత చవకైన బీమా కూడా అతనికి అందదు. కోసి చేలో ఆరేసిన పనలు తడిస్తే 72 గంటల్లో తెలియజేయాలని బీమా నిబంధన. పాలసీలో పేరే లేనివాడు ఏ గంటలో చెబితే ఏం లాభం?

దీనికి మందు ఉంది. 2019లో రాష్ట్రంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. యజమాని, కౌలుదారు ఒక ఒప్పంద పత్రం మీద సంతకాలు పెడితే కౌలుదారుకు సాగుదారు హక్కు కార్డు ఇస్తారు. దాని గడువు 11 నెలలు. భూమి మీద యజమాని హక్కుకు దానివల్ల ఢోకా లేదని చట్టంలోనే ఉంది. అయినా మనవాళ్ళు సంతకం దగ్గర జంకుతారు. కారణం నాకు తెలుసు. 1956 నాటి కౌలుదారీ చట్టం కింద కోర్టుల చుట్టూ తిరిగిన తాతల కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. బావదీ అదే మాట: "సంతకం పెడితే పొలం పోతుందిరా." ఆ భయం అప్పటిది, ఈ కార్డు ఇప్పటిది. రెంటినీ కలపకండి. నిజానికి రాత లేని కౌలుకన్నా, గడువు రాసి ఉన్న 11 నెలల కాగితమే యజమానికి క్షేమం. క్లెయిములు చూసేవాడిగా చెప్తున్నాను, నోటి మాట ఎప్పుడూ ఇద్దరికీ ప్రమాదమే.

ఇంకో కారణం పైకి చెప్పనిది. కొన్నిచోట్ల ఆ పాస్ పుస్తకం మీద ఊళ్ళో ఉన్న బంధువులు పంట రుణం వాడుకుంటుంటారు. కౌలుదారు పేరు ఎక్కితే అది బయటపడుతుంది. ఇది అన్నదమ్ముల మధ్య మాట్లాడుకోవలసిన సంగతి, నేను జోక్యం చేసుకోను. రైతులకు కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సాయం మాత్రం చూసుకోండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ప్రవాసులైనవారికి అది వర్తించదు. మీ పేరున పడుతుంటే ఆపించండి.

సంతకం పెట్టాలంటే ముందు పొలం బతికున్నవాళ్ళ పేరున ఉండాలి. నా కంగారంతా ఇక్కడే. నాన్నగారు పోయాక ఇంటి పన్ను, బ్యాంకు ఖాతా మార్చుకుంటాం, పొలం వదిలేస్తాం. వారసుల పేరున మ్యుటేషన్ చేయించండి. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదు గాని, వారసత్వంగా రావడానికి అడ్డు లేదు. ఇది చాలామందికి తెలియక వదిలేసుకుంటున్నారు. రెవెన్యూ రికార్డుల్లో, అంటే 1బీలో, అడంగల్‌లో పేరు, విస్తీర్ణం, సర్వే నంబరు సరిచూసుకోండి. రీ-సర్వే జరిగిన ఊళ్ళల్లో నంబర్లే మారాయి. ఆధార్‌కు కట్టిన ఇండియా ఫోన్ నంబరు బతికుందో లేదో చూడండి. రీచార్జి చెయ్యక సిమ్ పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే మీరు ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా ఆ కంప్యూటర్‌కి లేనట్టే.

ప్రతి ఏడూ వెళ్ళి సంతకం పెట్టలేనివాళ్ళు ఊళ్ళో నమ్మకమైన మనిషికి ఆ ఒక్క పనికి పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అమ్మే హక్కు రాయకండి, కౌలు ఒప్పందం, ఈ-క్రాప్, రెవెన్యూ పనులు అని విడమరిచి రాయించండి. కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా నోటరీ చేయించి ఇక్కడ మీరుంటున్న రాష్ట్ర ప్రభుత్వంతో అపోస్టీల్ ముద్ర వేయించాలి. అక్కడితో అయిపోలేదు. ఆ కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు సుంకం కట్టాలి. మూడు నెలలు దాటితే జరిమానా, తలనొప్పి. కొరియర్ కవరు మీద తేదీ కనిపించేలా దాచమని చెప్పండి.

తర్వాత రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ జాబితా అంటించే రోజుల్లో కౌలుదారుకు ఒక ఫోన్ చేసి, పేరు చూసుకున్నావా అని అడగండి. తప్పుంటే సరిచేయించుకునే అదను అదే. తుఫాను తర్వాత సరిచేయడం మహా కష్టం.

మన పిల్లలకు కూచిపూడి నేర్పిస్తున్నాం, శతక పద్యాలు వల్లె వేయిస్తున్నాం, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టిస్తున్నాం. వాటితో పాటు సర్వే నంబరు కూడా నేర్పండి. మన చేను ఏ కాలవ కింద ఉంది, మురుగు తుల్యభాగ కాలవలోకి పోతుందా ఇంకెటైనా పోతుందా, ఇప్పుడు దాన్ని దున్నుతున్న కుటుంబం ఎవరు, వాళ్ళ పిల్లలు ఏం చదువుతున్నారు, ఇవి కూడా మన వారసత్వంలోనివే. తుఫాను వచ్చిన ఏడాది కౌలు బస్తాలు తగ్గించి తీసుకోవడం మన తాతల నాటి మర్యాద. మన ఊళ్ళో పెద్దమనిషి అన్న పేరు అలాంటివాటితోనే వచ్చేది.

బావ ఇంకా సంతకం పెట్టలేదు, కాని మ్యుటేషన్‌కి దరఖాస్తు పెట్టించాడు. ఈసారి ఉగాది సభ రోజున భోజనాల హాలు పక్కన ఒక బల్ల వేస్తున్నాం. నోటరీ లైసెన్సున్న మన సభ్యురాలు ఒకరు, నేను కూర్చుంటాం. పాస్ పుస్తకం నకలు, 1బీ, పాస్‌పోర్టు లేదా ఓసీఐ కార్డు, నాన్నగారో అమ్మగారో పోయినట్టయితే మరణ ధ్రువీకరణ పత్రం తెచ్చుకోండి. కౌలు చేసేవారి పూర్తి పేరు, ఆధార్‌లో ఉన్నట్టుగా, ఊరికి ఫోన్ చేసి ముందే రాసుకుని రండి. సార్వా ఊడ్పులు మొదలయ్యే లోపు కాగితాలు అక్కడికి చేరాలి.