పల్లెకు దంతవైద్యము: సహాయకుల శిక్షణ

పంటి జబ్బుచే ప్రాణము పోదను తలంపున దంతవైద్యమును జనులు వాయిదా వేయుచుందురు. వైద్యుడు నగరమునను, రోగి మారుమూల పల్లెయందును ఉన్నపుడు ఆ వాయిదాకు అంతముండదు. ఈ చిక్కును సుశిక్షితులైన సహాయకులచే తీర్చుకొనిన రెండు ప్రాంతముల చరిత్ర తెలిసికొనదగినది.

మొదటిది న్యూజిలాండు. ప్రథమ ప్రపంచ సంగ్రామకాలమున సైన్యమందు చేరవచ్చిన యువకుల పండ్లు మిక్కిలి చెడియుండుట బయల్పడెను. సైనిక దంతవైద్య దళమునకు నాయకుడైన థామస్ హంటర్ పూనికచే 1921లో వెల్లింగ్టను నగరమున యువతులకు రెండేండ్ల శిక్షణ ఆరంభమయ్యెను. వారు పాఠశాలలయందే పిల్లల పుచ్చుపండ్లను పూడ్చుచు, నిలువని పండ్లను తీయుచు వచ్చిరి. కాలితో త్రొక్కి త్రిప్పెడి తొలుచు యంత్రమునకు వెఱచి పిల్లలు ఆ గదిని ‘హత్యాగృహ’మనెడివారు. అయినను ఆ పద్ధతిని పెక్కు దేశములు అనుసరించినవి.

రెండవది అమెరికాలోని అలాస్కా. అచ్చటి ఆదివాసుల గ్రామములు పెక్కింటికి రహదారి లేదు; విమానమో పడవయో శరణ్యము. 2003లో అచ్చటివారే కొందరు న్యూజిలాండునకు పోయి ఈ విద్య నేర్చిరి. పూర్తి వైద్యవిద్య లేనివారు పండ్లు తీయరాదని అమెరికా దంతవైద్య సంఘము 2006లో వ్యాజ్యమాడెను. 2007లో తీర్పు సహాయకులకు అనుకూలమయ్యెను. ఆ యేడే శిక్షణయు అలాస్కాలో మొదలయ్యెను.

సంఘమువారి శంక త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానము పనికి విధించిన హద్దులయందు గలదు. తొలిమెట్టు సహాయకులు దంతధావనము నేర్పుదురు, ఫ్లోరైడు పూత పూయుదురు. పైమెట్టువారు రెండేండ్లు చదివి, దంతవైద్యుని యెదుట కనీసము 400 గంటలు పనిచేసిన పిమ్మటనే పండ్లు పూడ్చుటకును, సులభముగ వచ్చు పండ్లను తీయుటకును అర్హులగుదురు. రెండేండ్లకొకమారు అర్హతాపత్రమును పునరుద్ధరించుకొనవలెను. క్లిష్టమైన రోగములను వైద్యునకే అప్పగింతురు. మన దేశమున 1948 నాటి దంతవైద్యుల చట్టము పండ్లను శుభ్రపరచి దంతరక్షణ బోధించు హైజీనిస్టులను గుర్తించెను గాని, పూడ్చు పనిని వారికి ఒప్పగింపలేదు.

ఊరివారే సహాయకులగుటలో మఱియొక మేలు గలదు. పన్ను చల్లనినీటికి జివ్వుమనుట వేఱు, రాత్రియెల్ల సలుపుట వేఱు. మొదటిది తొలిదశను, రెండవది పంటిలోని నరము చెడుటను సూచింపవచ్చును. ఈ భేదమును రోగి తన నుడిలోనే స్పష్టముగ చెప్పగలడు. పరభాషా ప్రాంతములయందు తరతరములుగ నివసించు తెలుగువారికి ఇది అనుభవమున నున్న విషయమే. కావున సహాయకులను ఎంచునపుడు చదువుతోపాటు ఆ యూరి భాషయందలి పరిచయమును గూడ అర్హతగా నెంచుట యుక్తము.