నీరు మారిన చేప

గోదావరికి వరదలు వచ్చు దినములలో పులస చేపలు బంగాళాఖాతమునుండి నదిలోనికి ఎదురీది వచ్చును. ఉప్పునీటిలో పెరిగిన చేప మంచినీటిలో ఎట్లు బ్రతుకగలుగుచున్నది? నది సముద్రమున కలియుచోట ఉప్పునీరును మంచినీరును కలిసి ఉండును. చేప పైకి సాగినకొలదియు నీటిలోని ఉప్పు క్రమముగా తగ్గుచుండును. ఆ మార్పునకు తగినట్లు దాని దేహమును మారుచుండును. మారగల శరీరమును, మారుటకు చాలిన వ్యవధియు ఆ చేపకు ప్రకృతి ఒసగిన వరములు.

ఇండ్లలో గాజుతొట్టియందు పెంచు చేపలకు ఆ వ్యవధిని మానవుడే ఈయవలెను. అంగడినుండి తెచ్చిన చేపను వెంటనే క్రొత్త తొట్టిలో విడిచినచో, క్షణములో దాని లోకమంతయు మారిపోవును. కొన్ని చేపలు ఆనాడే చనిపోవును. కొన్ని రెండు మూడు దినములకు చనిపోవును. అమ్మినవాడు రోగపు చేపను ఇచ్చెనని కొందరు తలంతురు. కాని లోపము చేపలో కాక, నీటి మార్పులోనే ఉండవచ్చును.

కంటికి నీరంతయు ఒక్కటిగనే తోచును. చేపకు అట్లు కాదు. రాళ్లలోనుండి ఊరి వచ్చు బావినీటిలో సున్నపు లవణములు మిక్కుటముగా కరిగి ఉండవచ్చును. అట్టి నీటిలో సబ్బు సరిగా నురగదు. దానిని కఠిన జలమందురు. వాననీరు మృదు జలము. ఇదిగాక కొన్ని నీళ్లు ఆమ్లగుణము కలవి, కొన్ని క్షారగుణము కలవి. ఈ గుణమును కొలుచుటకు డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ 1909లో పి.హెచ్. అను కొలమానమును ప్రవేశపెట్టెను. అందు 7 తటస్థము. అంతకు తక్కువైనది ఆమ్లము, ఎక్కువైనది క్షారము. ఒక్క అంకె మారినచో ఆమ్లత్వము పదిరెట్లు మారును. రెండంకెలు మారినచో నూరురెట్లు మారును. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతపు నియాన్ టెట్రా మృదువైన ఆమ్లజలములో పుట్టినది. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు చేపలు పి.హెచ్. 9కి సమీపమైన కఠిన జలమునకు అలవడినవి.

మంచినీటి చేప రక్తమున, దాని చుట్టునున్న నీటికంటె లవణములు ఎక్కువ. అందుచేత నీరు మొప్పలగుండ నిరంతరము లోనికి చొచ్చుచుండును. దీనినే ద్రవాభిసరణమందురు. చొచ్చిన నీటిని మూత్రపిండములు రేయింబవళ్లు వెలికి పంపుచుండును. పోయిన లవణములను మొప్పలు నీటినుండి తిరిగి గ్రహించుచుండును. ఈ శ్రమ అంతయు చేప అలవాటుపడిన నీటికి సరిపోవునట్లు అమరి ఉండును. నీరు హఠాత్తుగా మారినచో ఆ అమరిక చెదరును. అపుడు చేప మొప్పలను వేగముగా ఆడించును, రంగు వెలవెలబోవును, అడుగున పడి ఉండును.

దీనికి ఉపాయము సులభము. కుళాయినీటిలో క్లోరిన్ ఉన్నచో, ఆ నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము తెరచి ఉంచి పిదప తొట్టిలో పోయవలెను. చేప శరీరపు వేడి నీటి వేడిని అనుసరించి ఉండును. కావున చేపలున్న సంచిని మూతి విప్పక తొట్టినీటిపై పావుగంట తేలనీయవలెను. పిదప మూతి విప్పి, అయిదారు నిమిషములకొకసారి చిన్నగిన్నెడు తొట్టినీటిని సంచిలో పోయుచుండవలెను. ముప్పావుగంట గడచిన తరువాత చేపలను వలగరిటతో ఎత్తి తొట్టిలో విడువవలెను. సంచినీటిని మాత్రము తొట్టిలో పోయరాదు. ఆనాడు దీపము ఆర్పి ఉంచుట, ఆహారము వేయకుండుట మేలు.

దూరదేశమునుండి మూసిన సంచిలో వచ్చిన చేపల విషయము వేరు. అవి విడిచిన బొగ్గుపులుసు వాయువు సంచినీటిని ఆమ్లముగా చేయును. అవి విసర్జించిన అమ్మోనియాయు అందే చేరును. అయినను ఆమ్లజలమున అది చాలవరకు హాని చేయని రూపమున ఉండును. సంచి విప్పగానే వాయువు వెలికిపోవును, ఆమ్లత్వము తగ్గును, అమ్మోనియా విషరూపము దాల్చును. కావున అట్టి చేపలను, వేడి సమానమైన వెంటనే, ఆ నీటినుండి తప్పించవలెను.

ఇంకొక సంగతి మరువరాదు. ఒక గంట కలుపుట వలన మార్పులోని తాకుడు తగ్గును గాని, చేపదేహము క్రొత్తనీటికి పూర్తిగా అలవడుటకు దినములు పట్టును. రెండు నీళ్లకును భేదము అధికమైనచో, అమ్మువాని నీరు ఎట్టిదో ముందే అడిగి తెలిసికొని, తొట్టినీటిని దానికి దగ్గరగా సిద్ధపరచవలెను. చేపలు కుదుటపడిన పిదప, కొన్ని వారములపాటు కొంచెముకొంచెముగా ఆ నీటిని మార్చవచ్చును.

కృష్ణా గోదావరి మండలములలో చేపలను పెంచు రైతులును ఈ ధర్మమునే పాటింతురు. ప్రాణవాయువు నింపిన సంచులలో తెచ్చిన చేపపిల్లలను ముందు చెరువునీటిపై తేలనిచ్చి, సంచిలోనికి చెరువునీటిని కొద్దికొద్దిగా చేర్చి, పిల్లలు తమంతట తాము ఈదిపోవునట్లు విడుతురు. వేలకొలది పిల్లల ప్రాణములు ఆ కొద్దిపాటి ఓర్పుపై ఆధారపడి ఉండును. నోరులేని ప్రాణిని చేరదీయువాడు దానికి నీడయు తిండియు ఇచ్చినంత మాత్రమున చాలదు. క్రొత్తచోటికి అలవడుటకు వలసిన కాలమును గూడ ఈయవలెను.