పెద్దప్రేగు క్యాన్సర్: ఆపరేషన్ తర్వాత మొదటి మూడేళ్ళు

పెద్దప్రేగులోని క్యాన్సర్ గడ్డను ఆపరేషన్ చేసి తీసేశాక కొద్ది నెలల్లో రోగి కోలుకుంటాడు. ఆకలి పుడుతుంది, ఒళ్ళు చేస్తుంది. "జబ్బు పోయింది గదా, ఇంకా ఆస్పత్రి చుట్టూ తిరగడం దేనికి?" అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. కాని అసలు జాగ్రత్త పడవలసిన కాలం అదే.

గడ్డను పూర్తిగా తీసేసినా, అంతకుముందే కంటికి కనిపించని క్యాన్సర్ కణాలు కొన్ని రక్తంలో కలిసి కాలేయానికో ఊపిరితిత్తులకో చేరి వుండవచ్చు. అవి పెరిగి బయటపడడమే జబ్బు తిరగబెట్టడం. అలా తిరగబెట్టినవారిలో నూటికి సుమారు 80 మందికి మొదటి మూడేళ్ళలోనే బయటపడుతుంది. అయిదేళ్ళు దాటితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

మరి కొందరికే ఎందుకు తిరగబెడుతుంది? గడ్డ ప్రేగు గోడను ఎంత లోతుకు తొలిచింది, లింఫు గ్రంథులకు పాకిందా అన్నవి ముఖ్యం. గడ్డలోని జన్యువుల తీరు కూడా చూడాలి. బి-రాఫ్ అనే జన్యువు మారిన గడ్డ తిరగబెడితే సాధారణంగా త్వరగా ముదురుతుంది. కె-రాస్ మారితే కొన్ని మందులు పనిచేయవు. ఈ మార్పులు గడ్డలో పుట్టినవే, పిల్లలకు రావు.

మరికొన్ని గడ్డల్లో, కణం రెండుగా చీలేటప్పుడు జన్యువుల్లో దొర్లే తప్పులను దిద్దే ఏర్పాటు చెడిపోయి వుంటుంది. రెండో దశలో ఇలాంటివి తిరగబెట్టడం తక్కువ. ముదిరినా ఇమ్యునోథెరపీకి లొంగే అవకాశం ఎక్కువ. అయితే కొందరిలో ఈ లోపం పుట్టుకతోనే వుంటుంది. దీన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. తల్లికో తండ్రికో వుంటే, బిడ్డల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం. కనుక పిల్లలకు, తోబుట్టువులకు పరీక్ష అవసరం.

మీరు చేయవలసినవి:

1. మొదటి రెండేళ్ళు 3 నుంచి 6 నెలలకొకసారి, తర్వాత అయిదేళ్ళు నిండేవరకు 6 నెలలకొకసారి డాక్టరుకు చూపించుకుని, సి.ఇ.ఎ. అనే రక్తపరీక్ష చేయించుకోండి. పొగతాగేవారిలో కూడా ఇది కొంత ఎక్కువగా వుండవచ్చు. ఒక్క రిపోర్టు చూసి బెంబేలు పడకండి.

2. డాక్టరు చెప్పిన గడువుల్లో ఛాతీకి, పొట్టకు సి.టి. స్కాన్ తీయించుకోండి.

3. ఆపరేషన్ అయిన ఏడాదికి కొలొనోస్కోపీ తప్పనిసరి.

4. బయాప్సీ రిపోర్టు భద్రంగా దాచుకోండి. జన్యుపరీక్ష అవసరమేమో డాక్టరును అడగండి.

కాలేయంలో ఒకటి రెండు గడ్డలుగా వున్నప్పుడే కనిపెడితే చాలామందికి మళ్ళీ ఆపరేషన్ చేసి తీసేయవచ్చు. కొందరికి పూర్తిగా నయమవుతుంది కూడా. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బిన తర్వాత వస్తే మేము చేయగలిగింది తక్కువ. ఒంట్లో బాగున్నప్పుడే పరీక్షకు రండి.